మొదటి ఏడాది, రెండు బస్తాలు

"కండ్లు మంచిగున్నయట."

శోభారాణి ఆ మాట చెప్పి, కంటి దవాఖాన చీటీని కుర్చీ మీద పడేసింది. మంచి మాట మోసుకొచ్చిన మనిషి ముఖంలా లేదు ఆమె ముఖం.

వెనకే వచ్చిన ఎల్లయ్య గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తూ అక్కడే నిలబడిపోయాడు. డాక్టరు వేసిన చుక్కల మందుకు కళ్ళు ఇంకా కారుతున్నాయి. భుజం మీది తువ్వాలతో తుడుచుకున్నాడు.

ఆమె భర్త సాయిబాబు చీటీ తీసి చదివాడు. సూర్యాపేట బస్టాండు పక్కన అతనికి ఫ్లెక్సీ దుకాణం ఉంది. ఈరోజు తెరవలేదు.

"పొర లేదు, ఏం లేదు. బావా, కండ్లు కనవడ్తలేవని మిల్లుల ఎందుకు చెప్పినవ్?"

"కనవడ్తలేవు."

"డాక్టరు బోర్డు మీద చివరి వరుస దాక సదివించిండు. అన్ని బొమ్మలు గుర్తువట్టినవట. శోభ చెప్తలేదా?"

"అప్పుడు కనవడ్డయ్."

"అన్నా," అంది శోభారాణి. గొంతు తగ్గించింది. అది అరవడం కంటే కష్టంగా ఉంది వినడానికి. "కోదాడల పెండ్లి అన్నం ముద్దయింది. పాత బియ్యం పోవాల్సిన కాడికి కొత్త బియ్యం పోయినయ్. లారీ ఎక్కించింది నీ మనుషులు. నువ్వు మేస్త్రివి. కండ్లు మసకవడ్డయని నువ్వే చెప్తివి, మేమందరం నమ్మితిమి. ఇప్పుడు ఈ చీటీ సూస్తే సేటు ఏమనుకుంటడు?"

ఎల్లయ్య మళ్ళీ కళ్ళు తుడుచుకున్నాడు.

"నేను చెప్తా," అన్నాడు సాయిబాబు. "ఎవడో పక్క మిల్లోడు చెయ్యి తడిపితే కావాల్ననే ఎక్కించిండనుకుంటడు."

"నోరు మంచిగ రానియ్యి," అంది శోభారాణి. "మా అన్న ముప్పై ఏండ్ల సంది గా మిల్లుల ఉన్నడు."

"నేనన్ననా? వాళ్ళంటరు అంటున్న."

"నీ నోట్లకెల్లి వచ్చింది గద ముందు."

లోపలి గదిలో రజిత ఇదంతా వింటూ కూర్చుంది. ఒడిలో ల్యాప్‌టాప్ ఉంది. తెర మీద రెండు పేజీల వ్యాసం ఉంది. ఈ సాయంత్రం ఆరు లోపు హైదరాబాద్‌లోని డిజైన్ కాలేజీకి పంపాలి. మొదటి ఏడాది చదివిన ప్రతి ఒక్కరూ రాయాల్సిందే: ఈ ఏడాదిలో నేనెట్లా మారాను?

రజిత మూడు రోజుల కిందటే రాసి పెట్టుకుంది. మొదటి వాక్యం మీద ఆమెకు చాలా గర్వం.

'మా ఊళ్ళో రంగులు అరుస్తాయి. ఈ ఏడాదిలో నేను వాటిని నెమ్మదిగా మాట్లాడించడం నేర్చుకున్నాను.'

దానికి సాక్ష్యంగా ఆమె పెట్టింది ఒకే ఒక్క పని. మిర్యాలగూడలో మామ పనిచేసే మిల్లుకు జనవరి సెలవుల్లో గీసిచ్చిన బియ్యం బస్తా. అంతకుముందు బస్తాల మీద చేయంత వెడల్పు పట్టీలుండేవి. పాత బియ్యానికి ఎరుపు, కొత్త బియ్యానికి ఆకుపచ్చ. రజిత ఆ రెండూ తీసేసింది. పాతదానికి మట్టి రంగు, కొత్తదానికి ఎండుగడ్డి రంగు సన్నటి గీతలు పెట్టింది. అక్షరాలు చిన్నవి చేసి అడుగుకు దించింది. ఆ బస్తాను కాలేజీ ఎగ్జిబిషన్‌కు ఎంపిక చేశారు. మొదటి ఏడాది వాళ్ళలో ఆమె ఒక్కతే.

"రజితా," తల్లి పిలిచింది. "మిద్దె మీద మిరపకాయలెండబెట్టిన. సంచికెత్తాలె. గోడ మూలకు కొత్త సంచులున్నయ్ సూడు, అండ్ల పాత బియ్యం సంచి ఒకటియ్యి. కొత్త బియ్యపుది వద్దు, దానికి చెమ్మ వాసనుంది."

మిల్లు నుంచి మామ తెచ్చిన ఖాళీ సంచులవి. గదికి చిన్న కిటికీ ఒక్కటే ఉంది. రజిత వంగి, మట్టి రంగు గీత అనుకున్న సంచి లాగి, తీసుకెళ్ళి ఇచ్చింది.

శోభారాణి ముక్కు దగ్గర పెట్టుకొని చూసింది. "ఇది కాదే."

"అదే అమ్మా. పాతదే."

"ఎండల పెట్టి సూడు."

రజిత సంచిని వాకిట్లోకి పట్టింది. మే నెల ఎండలో గీత స్పష్టంగా కనిపించింది. ఎండుగడ్డి రంగు. కొత్త బియ్యం.

ఆమె గీసిందే. ఆ రెండు రంగుల కోసం తొమ్మిది రాత్రులు కూర్చుంది. కాలేజీలో తెర మీద, తెల్లటి గోడ మీద, ప్రొఫెసర్ల ముందు వాటిని ఎన్నిసార్లు చూసిందో లెక్క లేదు. గీసిన మనిషికే తేడా తెలియలేదు.

తల ఎత్తింది. ఎల్లయ్య ఆమెనే చూస్తున్నాడు. వెంటనే చూపు తిప్పేసుకొని, చెప్పుల్లో కాళ్ళు దూర్చాడు.

అప్పుడే అతని ఫోను మోగింది. మిల్లు నుంచి. సేటు రమ్మంటున్నాడు. నాలుగింటికి, డాక్టరు చీటీతో సహా.

"నేను గూడ వస్త మామా," అంది రజిత.

"నువ్వెందుకే? ఆరింటికి ఏదో పంపాల్నంటివి," అన్నాడు సాయిబాబు.

రజిత సంచిని తండ్రి చేతిలో పెట్టింది. సాయిబాబు దాన్ని అటూ ఇటూ తిప్పాడు. ఫ్లెక్సీలు రాకముందు పదేళ్ళు గోడల మీద రంగులు వేసిన మనిషి. చెప్పాల్సిన పని లేకపోయింది.

"జనవరిల నేనడిగిన," అన్నాడు నెమ్మదిగా. "రంగు జర గట్టిగుండాలె గద బిడ్డా, గోదాంల చీకటుంటది గద అని."

"నేనేమన్న నాయినా?"

"ఏమనలే. నవ్వినవ్."

రజిత సంచి తిరిగి తీసుకొని మడిచింది. బస్సుకు టైమవుతోందని శోభారాణే గుర్తు చేసింది.

*

బస్సు పెన్‌పహాడ్ దాటింది. రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఎండబోసి ఉన్నాయి. యాసంగి పంట. అవే రేపో మాపో కొత్త బియ్యమై సంచుల్లోకి వస్తాయి.

రజితను కిటికీ పక్కన కూర్చోబెట్టి, ఎల్లయ్య ఇవతల కూర్చున్నాడు. తువ్వాల ఒడిలో మడిచి పెట్టుకున్నాడు.

"మామా, బస్తాల రంగు నీకు తేడా కనవడ్తదా?"

"ఎందుకు కనవడది."

"గోదాంల?"

"బిడ్డా, గా అద్దం జర ముయ్యి. దుమ్మొస్తున్నది."

దుమ్ము రావడం లేదు. రజిత అద్దం మూసింది. బస్సులో ఉక్క పెరిగింది.

ఏడాది కింద ఇదే మామ ఇదే బస్సులో సూర్యాపేటకు వచ్చి, ఇంట్లో కూర్చొని, నాన్నతో గొడవ పెట్టుకున్నాడు. బొమ్మలు గీసే చదువేంది అని నాన్న అంటే, "బస్తా మీది బొమ్మ ఎవరో ఒకరు గియ్యాలె గద బావా, మన పిల్ల గీస్తే ఏంది?" అన్నాడు. ఆ ఒక్క మాటతో ఆమె హైదరాబాద్ వెళ్ళింది.

అక్కడ మొదటి నెల ఎవరితోనూ మాట్లాడలేదు. రెండో నెలలో మాట్లాడడం నేర్చుకుంది. మూడో నెలకి నాన్నది ఫ్లెక్సీ దుకాణం అనడం మానేసి, ప్రింటింగ్ బిజినెస్ అనడం మొదలుపెట్టింది. నాలుగో నెలలో సెలవులకు ఇంటికొచ్చి, బస్టాండు ముందు నాన్న వేసిన పెళ్ళి ఫ్లెక్సీ చూసి, తల పక్కకు తిప్పుకుంది. అప్పుడు దాన్ని ఎదగడం అనుకుంది. కళ్ళు తెరుచుకోవడం అనుకుంది.

ఫోను తీసి వ్యాసం తెరిచింది. మొదటి వాక్యం చెరిపేసింది. దాని వెనక రెండోది నిలబడలేదు. మిర్యాలగూడ ఊరి బయట రైసు మిల్లుల పొగ గొట్టాలు కనిపించే సరికి రెండు పేజీల్లో మిగిలింది ఆమె పేరు మాత్రమే.

బస్సు దిగగానే ప్రవళిక మేడంకు ఫోను చేసింది. కాలేజీలో ఈ వ్యాసాలు చదివేది ఆవిడే.

"మేడం, నా బస్తా ప్రాజెక్టు ఎగ్జిబిషన్ నుంచి తీసెయ్యండి."

"ఎందుకు?"

"అది పని చెయ్యలేదు మేడం."

"తీసేస్తే దాచినట్టు అవుతుంది రజితా. పని చెయ్యలేదని రాయి. నీకెట్లా తెలిసిందో అది కూడా రాయి. ఎగ్జిబిషన్ సంగతి కమిటీలో మాట్లాడాలి. ఉంచుతారని నేను మాట ఇవ్వలేను."

"ఆరు లోపు పంపుత మేడం."

"ముందు నువ్వున్న చోట పని చూసుకో."

*

మిల్లు గేటు లోపల శశిధర్ ఎదురొచ్చాడు. సేటు జనార్దన్ కొడుకు. ఎంబీఏ చదివి వచ్చి రెండేళ్ళయింది. కొత్త బస్తా కావాలని పట్టుబట్టింది అతనే. తండ్రి వద్దన్నా ఒప్పించి అచ్చు వేయించింది అతనే.

"ఎల్లయ్యా, నువ్వు గోదాంలకు నడువు. రజితా, ఒక్క నిమిషం."

మామ వెళ్ళేదాకా ఆగాడు.

"చీటీల ఏమున్నది?"

"కండ్లు మంచిగున్నయని ఉంది అన్నా."

శశిధర్ గడ్డం రుద్దుకున్నాడు. "చీటీ నాకియ్యి. రాలేదని చెప్త. పెద్దమనిషికి చూపు తగ్గింది, ఖతం. గేటు కాడ కూసునే పని ఇప్పిస్త. బస్తాలు మొయ్యకుండ నీడపట్టున ఉంటడు. నాయిన కాదనడు."

"మామ తప్పు లేదన్నా. సంచి రంగులే..."

"నాకు తెల్సు."

రజిత ఆగిపోయింది.

"నెల సంది తెల్సు. గోదాంల రెండూ ఒక్క తీరుగనే ఉంటున్నయ్," అన్నాడు శశిధర్ చుట్టూ చూసి. "అచ్చువడ్డ సంచులు అయిపోంగనే మార్పిద్దామనుకున్న. అంతల కోదాడల గిట్లయింది. ఇప్పుడు బయటవెడితే నీ చదువు పేరు చెడ్తది, నాయిన కాడ నా మాట చెడ్తది. మీ మామకు కూసునే పని దొరుకుతది. ఎవ్వరికీ నష్టం లేదు. ఆలోచించు."

ఆలోచించింది రజిత. నిజంగానే ఆలోచించింది. గేటు దగ్గర నీడ ఉంది, కుర్చీ ఉంది. మామకు యాభై ఎనిమిదేళ్ళు. చీటీ ఆమె చేతిసంచిలో ఉంది. తీసి ఇస్తే చాలు.

గోదాములోంచి నవ్వు వినిపించింది. ఆ వెంటనే ఒక కోస్తా గొంతు.

"వడ్డించడానికి గరిటె సరిపోలేదండీ, తాపీ కావాల్సొచ్చింది."

చేతిసంచిని చంకలో బిగించుకొని రజిత గోదాములోకి నడిచింది.

*

మాట్లాడుతున్నది శ్రీనాథ్. కోదాడ పెళ్ళిలో వంట చేసిన మేస్త్రి. ఖాళీ సంచులు మడిచి తెచ్చి జనార్దన్ కాళ్ళ ముందు పెట్టాడు. హమాలీలు పది పన్నెండు మంది బస్తాల వరుసల పక్కన నిలబడ్డారు. నేల మీద ఒలికిన గింజలు ఊడ్చే శాంతాబాయి చీపురు పట్టుకొని వెనక నిలబడింది.

"మీ మిల్లు సంచి అంటే మేం లోపల చూడమండీ," అంటున్నాడు శ్రీనాథ్. "పాత బియ్యానికి పెట్టే ఎసరు పెట్టి పోసేశాం. మూత తీస్తే సంకటి. పెళ్ళికూతురు వాళ్ళ నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. పీట మీదే కూర్చుండిపోయాడు. నన్ను తిట్టినా బాగుండేది."

జనార్దన్ తలాడించాడు. అరవై దాటిన మనిషి. గొంతు పెద్దగా పెంచడు. "ఎల్లయ్యా, చీటీ ఏది?"

రజిత ముందుకొచ్చి ఇచ్చింది. జనార్దన్ కళ్ళద్దాలు పెట్టుకొని చదివాడు. మళ్ళీ చదివాడు.

"కండ్లు మంచిగున్నయ్. మరి నాకెందుకట్ల చెప్పినవ్?"

ఎల్లయ్య నేల చూశాడు.

"సేటు," అంది రజిత. "తప్పు మామది కాదు. సంచిది. రంగులు నేను పెట్టిన. ఈ మసక వెలుతురుల తేడా తెలుస్తలేదు. పొద్దుగాల నేనే మా ఇంట్ల తప్పు సంచి తీసిన."

హమాలీలు కదిలారు. ఎవరో దగ్గారు.

"పిల్ల మాట పట్టుకోకుండ్రి సేటు," అన్నాడు ఎల్లయ్య గబగబా. "నా మీది పావురంతోని, ప్రేమకొద్ది అంటున్నది. రంగులు మంచిగనే కనవడ్తయ్."

"మామా."

"నువ్వు ఊకో."

జనార్దన్ ఇద్దరినీ చూశాడు. ఇద్దరు హమాలీలను పిలిచి రెండు బస్తాలు తెప్పించాడు. లోపల, తవుడు దుమ్ము కమ్మిన మూలలో పక్కపక్కనే నిలబెట్టించాడు.

"ఏది పాతదో చెప్పు ఎల్లయ్యా."

ఎల్లయ్య దగ్గరికి వెళ్ళాడు. చేతిలో బస్తాలు లాగే కొక్కెం ఉంది. దాన్ని నడుముకు దోపుకొని, ఒక బస్తా మీద అరచెయ్యి పెట్టాడు. రెండో దాని మీద పెట్టాడు. ఒక్కసారి బొటనవేలితో నొక్కాడు.

"గిది."

కుట్టు విప్పారు. పాత బియ్యమే.

జనార్దన్ కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. "కండ్లు మంచిగున్నయ్. సంచి మంచిగున్నది. గుర్తువట్టినవ్. మరి కోదాడకు కొత్త బియ్యం ఎట్ల పోయినయ్? ఎవరు చెప్తే ఎక్కించినవ్?"

అప్పుడు ఎల్లయ్య ముఖంలో రంగు మారింది. తన పరువు కాపాడబోయి మామ ఎందులోకి నడిచాడో రజితకు అర్థమైంది. అంతకంటే ముందు ఇంకొకటి అర్థమైంది. బస్తా గుర్తు పట్టేటప్పుడు మామ బస్తా వైపు చూడలేదు. ఆ సేపంతా ఆమెనే చూస్తున్నాడు.

చేత్తో చూశాడు. కొత్త గింజ మెత్తగా నొక్కుకుపోతుంది, పాతది ఒత్తితే గలగలమంటుంది. ముప్పై ఏళ్ళు మోసిన చేతికి రంగుతో పని లేదు. కానీ ఆ చెయ్యి ఒక్కటే. రోజుకు నాలుగు లారీలు.

"సేటు," అంది రజిత. "ఇంకో రెండు బస్తాలు తెప్పియ్యండి. ఈసారి మామను కాదు. సంచి మంచిగుందని అచ్చు వేయించిన మనిషిని అడగండి."

శశిధర్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "నాకేం పని నాయినా ఇండ్ల?"

"రా," అన్నాడు జనార్దన్.

బస్తాలు మారాయి. శశిధర్ వచ్చాడు. ఫోను తీసి టార్చి వేశాడు.

"లైటు బంద్ చెయ్యి," అన్నాడు జనార్దన్. "నలభై కిలోలు మీదున్నోని చేతుల లైటుంటదా?"

టార్చి ఆరింది. శశిధర్ వంగాడు. ఇంకొంచెం వంగాడు. రజిత వైపు ఒకసారి చూశాడు. ఆ చూపులో కోపం లేదు, భయం ఉంది. రజితకు అతని మీద జాలి వేసింది, ఎందుకంటే పొద్దున ఆమె ముఖం కూడా అలాగే ఉండి ఉంటుంది.

"ఇది," అన్నాడు కుడి వైపు దాని మీద చెయ్యి వేసి.

కుట్టు విప్పారు. జనార్దన్ గుప్పెడు తీసి వంట మేస్త్రి అరచేతిలో పోశాడు. శ్రీనాథ్ రెండు గింజలు పంటి కింద వేసుకున్నాడు. చప్పుడు రాలేదు.

"కొత్తయ్యేనండీ. కోదాడకొచ్చిన సరుకు ఇదే."

శశిధర్ చెయ్యి ఇంకా బస్తా మీదే ఉంది.

రజిత ఊపిరి పీల్చుకుంది. అయిపోయింది అనుకుంది. మామ బయటపడ్డాడు అనుకుంది.

జనార్దన్ ఎల్లయ్య వైపు తిరిగాడు.

"నీ చేతికి తెల్సు. నీ మనుషులకు తెల్వదు. సంచులు వచ్చి నెల దాటింది. ఒక్కనాడన్న నా కాడికొచ్చి, సేటు, ఈ సంచులతోని అయితలేదు అని ఎందుకు చెప్పలే?"

ఎల్లయ్య ఒక్కసారి రజిత వైపు చూసి తల దించుకున్నాడు.

వెనక నుంచి శాంతాబాయి మాట్లాడింది. "మాకందరికి తెల్సు సేటు. ఎల్లయ్య మేస్త్రి చాక్‌పీసుతోని గీతలు గీసి ఇచ్చేటోడు. చెమటకు తుడ్సుకపోయేటివి. మళ్ల గీసేటోడు. మా పిల్ల గీసిన సంచి, ఎవ్వరూ ఏమనకుండ్రి అని మొక్కిండు. మేం అనలే."

రజిత హమాలీల ముఖాలు ఒక్కొక్కటే చూసింది. నెల రోజులు వీళ్ళంతా ఆమె బొమ్మను మోశారు. జనవరిలో ఆమె ఈ గోదాముకు రాలేదు. రావాలని తోచనే లేదు.

"అమ్మా," అన్నాడు జనార్దన్. "సంచి గీసే ముందట వీళ్ళను ఒక్కరినన్న అడిగినవా?"

"లేదు సేటు."

"నువ్వడిగినవారా?"

శశిధర్ తల అడ్డంగా ఊపాడు.

"అడగనోళ్ళు ఇద్దరు. చెప్పనోడు ఒక్కడు," అన్నాడు జనార్దన్ తనలో తాను అనుకుంటున్నట్టు. "నా మిల్లు పేరు కోదాడల పీట మీద కూసున్నది."

బయట లారీ హారన్ కొట్టింది. నాలుగున్నరకు పోవాల్సిన లోడు. ఎవరూ కదల్లేదు.

జనార్దన్ చెయ్యి చాపాడు. "కొక్కెం ఇటియ్యి ఎల్లయ్యా."

ఎల్లయ్య నడుము నుంచి కొక్కెం తీసి ఇచ్చాడు. పిడి అతని అరచేతి ఆకారంలోనే అరిగి ఉంది. జనార్దన్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. లారీ మళ్ళీ హారన్ కొట్టింది. ఆయన తల ఎత్తి, కొక్కెం పట్టుకున్న చెయ్యి అలాగే ముందుకు చాచి, ఎల్లయ్య ముందు నుంచి నడిచి వచ్చి రజిత ఎదుట ఆగాడు.

"ఈ లోడు నువ్వు ఏరి ఎక్కియ్యి అమ్మా," అన్నాడు.